కండక్టరమ్మ బరువు

కండక్టరమ్మకి కోపం వస్తే బస్సు ఆగిపోయేది. ఈ మాట ఆవిడ చెప్పుకున్నది కాదు, ఆవిడతో ఏళ్ళ తరబడి పనిచేసిన డ్రైవర్లే చెప్పేవాళ్ళు. టికెట్టు లేకుండా ఎక్కినవాడు ఎంత ఇస్త్రీ చొక్కా వేసుకున్నా సరే, వాణ్ణి దింపేదాకా రైట్ రైట్ అనేది కాదట. అలాంటి మనిషి రిటైరై ఇంట్లో కూర్చున్నాక సొంత కోడలు ఆవిణ్ణి దొంగ అంది. దొంగతనం అంటే ఏ నగో నట్రో అనుకునేరు. నీళ్ళు. మామూలు మంచినీళ్ళు.

సంగతేమిటంటే, ఆవిడ కిడ్నీలు రెండూ చేతులెత్తేశాయి. పాపం అవి చెప్పాపెట్టకుండా ఏమీ మానలేదు. బీపీ బిళ్ళలు మానొద్దమ్మా అని డాక్టర్లు మొత్తుకుంటూనే ఉన్నారు, డ్యూటీ డ్యూటీ అంటూ ఈవిడే పెడచెవిన పెట్టింది. చివరికి తిన్నది తిన్నట్టు కక్కుకుంటూ, ఏది నోట్లో పెట్టినా ఇనుప ముక్క చప్పరించినట్టుందని తిండి మానేసి, గాలేస్తే ఎగిరిపోయేలా చిక్కిపోయాక డయాలసిస్ మొదలుపెట్టారు. వారానికి మూడు రోజులు, ఆసుపత్రి రెండో అంతస్తులో పొడుగాటి హాలు. కిటికీ పక్కన ఆవిడ మంచం. ఎడమ చేతికి రెండు సూదులు గుచ్చుతారు. ఒకదాంట్లోంచి నెత్తురు మెషిన్లోకి పోయి, శుభ్రపడి, రెండోదాంట్లోంచి తిరిగి ఒంట్లోకి వస్తుంది. తాగిన నీళ్ళు బయటికి పోయే దారి మూసుకుపోయింది కాబట్టి, ఒంట్లో చేరిన నీటిని కూడా ఆ మెషినే లాగేయాలి.

ఎంత లాగాలో బరువు చూసి తేలుస్తారు. అదనపు నీరేమీ లేకపోతే ఈ మనిషి ఇంత తూగాలి అని డాక్టరు మొదట్లోనే ఒక లెక్క కట్టి పెడతాడు. డ్రై వెయిట్ అంటారు. వచ్చిన రోజు దానికంటే ఎంత ఎక్కువ తూగితే అంతా నీరే అన్నమాట, అంతా లాగేయడమే. ఇంత సుళువైన లెక్కలో తప్పు రావడానికి ఏముందని ఎవరైనా అనుకుంటారు. కోడలూ అలాగే అనుకుంది.

కోడలు కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తుంది. అద్దం వెంట్రుకవాసి పక్కకి జరిగినా కొన్నవాడికి తలనొప్పి వస్తుంది కాబట్టి, ఆ పిల్లకి అన్నీ కొలిచి చేయడం అలవాటైపోయింది. అత్తగారికి జబ్బు చేసినప్పుడు నలుగురిలా గోడకి చేరబడి ఏడవలేదు. ఆసుపత్రిలో తిండి సంగతులు చెప్పే మేడమ్ దగ్గర కూర్చుని, విసుగొచ్చేదాకా అడిగి అన్నీ నేర్చుకొచ్చింది. కిడ్నీలకి పడని లవణాలు పోవాలని కూరగాయలు చిన్నగా తరిగి, వేడినీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ వేరే నీళ్ళలో ఉడికించి అవీ పారబోసేది. రోజూ గుడ్ల తెల్లసొన, పూటకో చేప ముక్కో కోడి ముక్కో. ఉప్పు తగ్గించిన లోటు తెలియకుండా వెల్లుల్లి, మిరియాలు, పైన ఓ నిమ్మచుక్క.

మొదట్లో కండక్టరమ్మ ఆ కంచం చూడగానే మొహం తిప్పుకునేది. దీన్ని తిండి అంటారా అని సణిగేది. కోడలు మాత్రం కిమ్మనకుండా ఎదురుగా కూర్చునేది, కంచం ఖాళీ అయ్యేదాకా లేచేది కాదు. అలా అలా నోటికి రుచి తెలిసింది. సణగడం మానలేదు గానీ కంచంలో మెతుకు మిగిల్చేది కాదు. వంటింట్లో ఘుమఘుమలు మొదలవగానే ఇంకా ఎంతసేపే అని గదిలోంచి కేకేసేది. అన్నీ బాగానే ఉన్నాయి అనుకుంటుండగా ఈ బరువు గొడవ వచ్చి పడింది.

వచ్చిన ప్రతిసారీ తూకంలో కాస్త కాస్త ఎక్కువ చూపిస్తోంది. సిస్టరు మొదట నవ్వుతూ చెప్పింది, తర్వాత నవ్వకుండా చెప్పింది. నీళ్ళు తగ్గించండమ్మా, ఇంత లాగాలంటే మీకే కష్టం. కష్టమంటే అలాంటిలాంటి కష్టం కాదు. చివరి గంటలో పిక్కలు పట్టేసేవి. పట్టేయడమంటే మనకి నిద్రలో ఓసారి పట్టేసి వదిలేసినట్టు కాదు, ఎవరో లోపల చెయ్యి పెట్టి మెలిపెడుతున్నట్టు. బీపీ పడిపోయి కళ్ళు బైర్లు కమ్మేవి. సిస్టరు పరుగున వచ్చి కాళ్ళు పైకెత్తి, లాగిన నీళ్ళలోనే కొంచెం సెలైను రూపంలో వెనక్కి ఎక్కించేది. ఇంటికొచ్చాక ఆ రోజంతా, మర్నాడు సగం, కండక్టరమ్మ మంచం దిగేది కాదు.

ఇంత బాధపడుతూ కూడా నీళ్ళ మీద ఆశ చావట్లేదేమిటి ఈవిడకి అనుకుంది కోడలు. పొద్దున్నే ఆ రోజు నీళ్ళన్నీ ఒక సీసాలో పోసి ఇచ్చేది. సాయంత్రానికి ఆ సీసాలో ఇంకా కొంచెం మిగిలే ఉండేది, అయినా బరువు పెరిగేది. అంటే ఇంకెక్కడో తాగుతోందన్నమాటే కదా. ముందు బాత్రూంలో మగ్గు మాయమైంది. తర్వాత ఫ్రిజ్‌కి తాళం పడింది. ఆఖరికి అత్తగారు పళ్ళు తోముకుంటుంటే కోడలు గుమ్మంలో నిలబడి, పుక్కిలించిన నీళ్ళు ఉమ్ముతోందా లేదా అని చూడడం మొదలుపెట్టింది. ఒకప్పుడు బస్సు నిండా జనాన్ని కళ్ళతోనే అదిలించిన మనిషి, నురగ నోటితో అద్దంలో కోడల్ని చూస్తూ నిలబడింది. ఆవిడకి తల కొట్టేసినట్టయింది.

ఇక హాల్లో పక్క మంచం పెద్దమనిషి సంగతి చెప్పనక్కర్లేదు. సూదులు గుచ్చిన దగ్గర్నుంచి తీసేదాకా నోరు మూయడు కాబట్టి ఆయన్ని అందరూ రేడియో అంటారు. ఈవిడ బరువు పెరుగుతోందని తెలియగానే ఆయనకి తోడు దొరికినంత సంబరం. తనూ దొంగచాటుగా తాగేవాణ్ణనీ, ఐసు ముక్క బుగ్గన పెట్టుకుంటే ఇంట్లోవాళ్ళు కనిపెట్టలేరనీ, ఇంతకీ మీ కిటుకేమిటో చెప్పండనీ గుసగుసగా అడిగాడు. ఆయన గుసగుస అంటే హాలు చివరిదాకా వినిపిస్తుంది. కండక్టరమ్మ అగ్గి మీద గుగ్గిలమైపోయింది గానీ, చేతికి సూదులుండడం వల్ల ఆయన బతికిపోయాడు.

ఇందులో ఘోరమేమిటంటే, ఆవిడ నిజంగా తాగలేదు. దాహం చంపేసేది, నాలుక అంగిలికి అతుక్కుపోయేది, అయినా చుక్క ఎక్కువ తాగలేదు. అందరూ అంటుంటే ఆవిడకే అనుమానమొచ్చింది, కొంపదీసి నిద్రలో లేచి తాగుతున్నానా అని. వంటింటికి తాళం వేసి, ఆ తాళంచెవి నీ దగ్గరే ఉంచుకో అని తనే కోడలి చేతికిచ్చింది. తర్వాతి తూకంలోనూ బరువు తగ్గలేదు. ఆవిడకి మతి పోయింది. ఏ నేరం చేశానో నాకే తెలియకుండా శిక్ష పడుతోందేమిటని లోపల్లోపల కుమిలిపోయింది.

మళ్ళీ డయాలసిస్‌కి వెళ్ళే ముందు రోజు సాయంత్రం ఇంట్లో తూకం మీద నిలబెట్టి చూసి కోడలు కూడా సహనం కోల్పోయింది. అప్పుడే దుకాణం నుంచి వచ్చింది, చెప్పులు కూడా విప్పలేదు.

"నేను తాగలేదే" అంది కండక్టరమ్మ.

"మరి ఈ బరువెక్కడిది అత్తయ్యా? గాలి పీల్చుకుంటే వచ్చిందా? మీరు దొంగచాటుగా తాగుతుంటే నేను ఎన్నని తాళాలు వెయ్యను?"

దొంగ అనే మాట అలా బయటికొచ్చేసింది. వెనక్కి తీసుకుందామన్నా అది చేతికందే దూరంలో లేదు. కొడుకు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. తల్లికీ పెళ్ళానికీ మధ్య రెండు అంతస్తుల నడుమ ఆగిపోయిన లిఫ్టులా నిలబడి ఇద్దరి మొహాలూ చూశాడు. కండక్టరమ్మ తూకం దిగి తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

మర్నాడు పొద్దున డయాలసిస్‌కి టైమవుతుంటే ఆవిడ మంచం మీదే కూర్చుని, ఇక నేను రాను అని చెప్పింది. అరవలేదు, ఏడవలేదు. మానేస్తే ఎన్నాళ్ళో బతకనని ఆవిడకి తెలుసు. వారమో, ఇంకాస్తో, అంతే. హాల్లో ఒకరిద్దరు అలా రావడం మానేశారు, వాళ్ళ మంచాల మీదికి కొత్తవాళ్ళు వచ్చారు, ఆవిడ కళ్ళారా చూసింది. ఆవిడకి చావాలని లేదు. కానీ ఇంట్లో దొంగనిపించుకుంటూ, అక్కడ కాళ్ళు మెలితిరిగి ఏడుస్తూ, బతికున్నన్నాళ్ళూ ఇదేనంటే నా వల్ల కాదు అనుకుంది. కొడుకు కాళ్ళ దగ్గర కూర్చుని బతిమాలాడు. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆవిడ వాడి తల నిమిరింది గానీ మంచం దిగలేదు.

కోడలు గుమ్మంలో నిలబడి అంతా వింది.  తర్వాత లోపలికొచ్చి, "మానేద్దురుగాని అత్తయ్యా, నేను అడ్డం పడను. కానీ ఆ మాట డాక్టరుగారికి మీరే చెప్పండి. నేను చెప్పలేను" అంది.

ఇది కండక్టరమ్మకి సబబుగానే తోచింది. డ్యూటీ మానేసేవాళ్ళు డిపోకొచ్చి సంచీ అప్పజెప్పి వెళ్ళాలి గానీ, చెప్పకుండా ఇంట్లో కూర్చోవడం ఆవిడ జన్మలో చేసిన పని కాదు. లేచి చెప్పులేసుకుంది. దారంతా ముగ్గురూ ఎవరి వైపు కిటికీలోంచి వాళ్ళు బయటికి చూస్తూ కూర్చున్నారు.

డాక్టరుకి ఆ పూట ఊపిరాడని పని. కండక్టరమ్మ ఆయన గదిలో నిలబడే చెప్పింది, మానేస్తున్నానని, నీళ్ళు తాగలేదని, తాగానని ఎవరైనా అంటే ఇక ఊరుకోనని. ఆయన అలవాటు ప్రకారం, అందరూ అలాగే అంటారమ్మా అనబోయి, ఆవిడ మొహం చూసి ఆగిపోయాడు. కూర్చోబెట్టాడు. మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో గట్టిగా నొక్కి చూశాడు. గుంట పడలేదు. నీరుంటే పడాలి. వీపు మీద స్టెతస్కోపు పెట్టి ఊపిరి పీల్చమన్నాడు. మెడ పక్కకి తిప్పించి నరం చూశాడు. కూర్చోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూశాడు. ఆ తర్వాత కంప్యూటరు దగ్గరికెళ్ళి పాత లెక్కలన్నీ తిరగేస్తూ నుదురు రుద్దుకున్నాడు.  ఇంకేదో పెద్ద జబ్బు బయటపడిందనే అనుకుంది కోడలు.

ఈమధ్య ఏం తింటున్నారు అని అడిగాడు డాక్టరు. అత్తగారు నోరు తెరిచేలోపే కోడలు అందుకుంది. తెల్లసొన ఇన్ని, చేప ఇంత, కూరలు రెండుసార్లు ఉడికించి, అన్నీ కొలిచే పెడుతున్నానండీ, నా వైపు నుంచి తేడా ఏమీ లేదండీ అని నేరం ఒప్పుకుంటున్న దానిలా గబగబా చెప్పుకుపోయింది. డాక్టరు విని, కండక్టరమ్మ జబ్బ పట్టుకుని రెండు వేళ్ళతో నొక్కి చూశాడు. తర్వాత కుర్చీ లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చున్నాడు.

"అమ్మా, మీరు నీళ్ళు ఎక్కువ తాగలేదు."

ఆయన కంప్యూటరు వైపు చెయ్యి చూపించాడు.

"మీరు మొదట వచ్చినప్పుడు ఎముకల గూడు. ఆ రోజు కట్టిన లెక్కే ఇప్పటికీ నడుస్తోంది, మేం మార్చలేదు. ఇది నీరు కాదు, కండ. మీకు తిండి ఒంటికి పట్టింది. మేం దాన్ని నీరనుకుని, లేని నీళ్ళని పిండుతున్నాం. పిక్కలు పట్టేయక ఏం చేస్తాయి? అంత పిండించుకుని, ఆ దాహంతో కూడా మీరు చుక్క ఎక్కువ తాగలేదంటే, అది మామూలు మనుషుల వల్ల అయ్యే పని కాదు. తప్పు మాది."

ఇంకొకరైతే ఆ మాటకి దణ్ణం పెట్టేసేవాళ్ళు. కండక్టరమ్మకి మాత్రం ముందు కోపమే వచ్చింది, అరికాలి నుంచి నడినెత్తిదాకా వచ్చింది. ఇన్నాళ్ళూ గొంతు చించుకుని చెబితే ఎవరూ వినలేదే అనుకుంది. డాక్టర్ని ఎగాదిగా చూసి, ఆ మాట ఇక్కడ కాదు, హాల్లోకొచ్చి చెప్పాలి అంది. డాక్టరు ఒక్క క్షణం తెల్లబోయినా, మంచివాడు, లేచి వెంట వెళ్ళాడు. హాలు మధ్యలో నిలబడి, సిస్టర్లూ పేషెంట్లూ వినేలా, ఈవిడ నీళ్ళు తాగలేదు, లెక్క మేమే సరిచూసుకోలేదు అని చెప్పాడు. అందరికంటే నిరుత్సాహపడింది రేడియో. జట్టులో ఉన్న ఒక్కగానొక్క దొంగ కూడా నిర్దోషి అయిపోయిందని ఆయన బాధ. కానీ కాసేపటికి తనే, మరి నా లెక్క కూడా ఓసారి చూడండి డాక్టరుగారూ అన్నాడు. ముందు ఆ ఐసు ముక్కల సంగతి చూద్దాం అన్నాడు డాక్టరు.

వెనక్కి తిరిగితే కోడలు కనిపించలేదు. డాక్టరు గదిలోనే స్టూలు మీద కూలబడి, రెండు చేతుల్లో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది. తాళాలు వేసింది, కాపలా కాసింది, దొంగ అంది. ఆ బరువంతా ఎవరు పెట్టారు? తనే. తన చేత్తో, తన గరిటెతో, పూటపూటా. కొడుకు ఓదార్చబోతే చెయ్యి విదిలించుకుంది. కండక్టరమ్మ గుమ్మంలో నిలబడి ఆ పిల్లని చూసింది. కోపం ఇంకా ఉంది. కానీ తన కోసం ఇంతలా ఏడ్చే మనిషి ఇంకొకరున్నారా అనిపించి, ఆవిడకీ కళ్ళు చెమర్చాయి.

"లేవే. నన్ను మంచం ఎక్కించేది నువ్వేగా" అంది.

ఇక మానేసే మాట ఆవిడ ఎత్తలేదు. అలాగని నమ్మకమూ కుదరలేదు. డాక్టర్లు నోటితో ఎన్నైనా చెబుతారు, నొప్పి పిక్కలకి కదా తెలిసేది. డాక్టరు కొత్త లెక్క వేశాడు. ఒక్కసారిగా కాదు, ఒక్కో డయాలసిస్‌కీ చూసుకుంటూ సరిచేద్దామన్నాడు. ఆ రోజుకి లాగాల్సింది ఇంతే అని సిస్టరు మెషిన్లో వేసింది, అది ఎప్పుడూ లాగేదాంట్లో కొసరంతే. ఎప్పుడూ దింపేసి దుకాణానికి పరిగెత్తే కోడలు, ఆ రోజు ఫోన్ చేసి రానని చెప్పి, మంచం పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంది.

చివరి గంట వచ్చింది.  కండక్టరమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని, కాలి వేళ్ళు ముడుచుకుని, ఇదిగో వస్తోంది, ఇప్పుడే పట్టేస్తుంది అని బిగబట్టుకుని ఉంది. కోడలు లేచి దుప్పటి కిందికి చేతులు పోనిచ్చి, రెండు పిక్కలూ రెండు అరచేతుల్లోకి తీసుకుంది. అలాగే నిలబడింది. అద్దాలు బిగించే ఆ వేళ్ళకి ఎంత చిన్న కదలికైనా తెలుస్తుంది. ఏమీ రాలేదు. పిక్కలు మెత్తగా, వెచ్చగా, మామూలు మనిషి పిక్కల్లా ఉన్నాయి. మెషిన్ దాని పని అది చేసుకుపోతోంది. కొంతసేపటికి ముడుచుకున్న వేళ్ళు వాటంతటవే విచ్చుకున్నాయి.

"దొంగ అన్నాను అత్తయ్యా" అంది కోడలు, తల వంచుకునే.

"అన్నావు. నేను మర్చిపోతానని అనుకోకు, నాకంత మంచితనం లేదు." కండక్టరమ్మ కళ్ళు తెరిచింది. "కానీ నేను మొహం తిప్పుకున్న రోజుల్లో కంచం ముందు నుంచి లేవకుండా కూర్చున్నావే, అది మాత్రం ఎట్లా మర్చిపోతాను? ఇవాళ నా ఒంటి మీద ఉన్నదంతా నువ్వు పెట్టిందేనటగా. డాక్టరు చెప్పాడు."

కోడలు మళ్ళీ ఏడ్చింది. ఈసారి మధ్యమధ్యలో నవ్వింది కూడా. పక్క మంచం మీద రేడియో, ఆశ్చర్యం, అటు తిరిగి ఊరుకున్నాడు.

సూదులు తీశారు, కట్లు కట్టారు. ఎప్పుడూ ఇద్దరు పట్టుకుంటే గానీ లేవని కండక్టరమ్మ మంచం మీద కాసేపు కూర్చుని, తనంతట తనే నేల మీద కాలు మోపింది. తల తిరగలేదు. గోడ పక్కనున్న తూకం దగ్గరికి వెళ్ళి, ఎవరూ చెప్పకుండానే ఎక్కి నిలబడింది. సిస్టరు వచ్చి అంకె చూసి తలూపింది. పొద్దున ఆవిడ ఏ మాట చెప్పడానికి వచ్చిందో సిస్టరుకి తెలుసు. అందుకే కాస్త భయపడుతూనే, ఎల్లుండి వస్తారా అమ్మా అని అడిగింది.

"వస్తాను" అని తూకం దిగింది కండక్టరమ్మ. కోడలి భుజం మీద చెయ్యి వేసి మెట్ల వైపు నడిపించింది. "నడువు నడువు, తొందరగా ఇంటికెళ్దాం. ఆకలేస్తోంది."